మోకాలికి వేసిన కట్టు

మార్కాపురంలో మా ఇంటి వసారాకు నల్ల పలకరాతి బండలు వేయించాను. వేరే రాయి వేయమని మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు. ఆ బండల మీద ఎవరు నడిచినా చప్పుడు తెలుస్తుంది. మొన్న సోమవారం పొద్దున చేటలో బియ్యం ఏరుతూ ఉండగా వీధి వైపు నుంచి అడుగులు వినిపించాయి. ఒక చెప్పు తపుక్కున పడింది. రెండోది పడలేదు, రాసుకుంటూ వచ్చింది. మళ్ళీ తపుక్కు, మళ్ళీ రాపిడి. నేను తలెత్తలేదు. కళ్ళు మూసుకుని పది అడుగులు విన్నాను. తరువాత చేట పక్కన పెట్టాను.

వచ్చింది పక్క వాటాలో ఉండే సునీత కూతురు హారిక. పన్నెండేళ్ళు ఉంటాయి, బొద్దుగా ఉంటుంది. ఎక్కడే నొప్పి అంటే మోకాలు అమ్మమ్మా అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే దసరా సెలవుల నుంచి అంది. పాదం చూశాను. ముందుకు ఉండాల్సిన వేళ్ళు పక్కకు తిరిగి ఉన్నాయి. పిల్లను అక్కడికక్కడే కుర్చీలో కూర్చోబెట్టి సునీతను పిలిచాను. "ఎదిగే వయసు కదా ఆంటీ, నొప్పులుంటాయి. ఆయింట్‌మెంట్ రాస్తున్నా. సగం నొప్పి ట్యూషన్ ఎగ్గొట్టడానికే" అని నవ్వింది. "నువ్వు తరువాత నవ్వు. పిల్లను ఒక్క అడుగు కూడా వేయనివ్వకు. మీ ఆయన్ను పిలువు, ఆస్పత్రికి పోవాలి" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. ఈ వీధిలో నాకు మంచి పేరు లేదు. మురుగు కాలువ గురించి, నీళ్ళ ట్యాంకరు గురించి, బస్సు ఆపని కండక్టరు గురించి అర్జీలు పెట్టేది నేనే. అనిపించుకున్న మాట మరిచిపోయే అలవాటు నాకు లేదు. అరవై ఏళ్ళ కిందట నన్నెవరు ఏమన్నారో, ఏ గొంతుతో అన్నారో ఈ రోజుకీ చెప్పగలను. అందులో ఒక మనిషి మీద పెట్టుకున్న కోపం గురించే ఇప్పుడు రాస్తున్నాను. ఆయన పేరు కాటమయ్య.

మా ఊరు తర్లుపాడు దగ్గర. రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్ళయిన రోజులవి. అప్పుడు మాది కర్నూలు జిల్లా. మాకు మెట్ట చేను, నలభై గొర్రెలు ఉండేవి. పక్కింటి కాటమయ్యకు రెండు వందల దాకా ఉండేవి. రక్తసంబంధం లేకపోయినా మా నాయన ఆయన్ను అన్నా అనేవాడు, నేను పెద్దనాయనా అనేదాన్ని. కాలు విరిగిన గొర్రెపిల్లకు ఆయన కట్టు కడితే నెలకల్లా మందలో కలిసేది. చెయ్యి తొలగినా, మడమ బెణికినా మనుషులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. పామూరు వైపు నుంచి కూడా బండ్ల మీద వచ్చేవాళ్ళు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి గుడ్డకు పట్టించి, వెదురు బద్దలు పెట్టి కట్టేవాడు.

దొడ్డి మూతిలో ఆయన ఒక పలకరాతి బండ వేసుకున్నాడు. సాయంత్రం గొర్రెలన్నీ దాని మీద కాలు మోపి లోపలికి పోవాలి. ఆయన పక్కన గొంతుక్కూర్చుని, కళ్ళు మూసుకుని, గిట్టల చప్పుడు వినేవాడు. నేను కూడా ఆయన పక్కన కూర్చునేదాన్ని. "చూసినావంటే ఉన్ని కనపడతాది, కొమ్ములు కనపడతాయి, కాలు కనపడదు. చెవి పెట్టు చెన్నమ్మా. ఏది కుంటుతాంది?" అనేవాడు. ఒకసారి నాలుగోది అన్నాను. "కాదు, ఐదోది. నాలుగోది బద్ధకంది. బద్ధకం చప్పుడు వేరే, నొప్పి చప్పుడు వేరే" అన్నాడు. నేను లావుగా ఉండేదాన్ని. ఇంట్లో మా మేనత్త నన్ను దిమ్మె అని పిలిచేది. దిమ్మెకు కూడా మంచి చెవి ఉందని కనిపెట్టింది ఆయన ఒక్కడే.

నాకు పదకొండో ఏట మోకాలు నొప్పి మొదలైంది. అంతకు నాలుగు రోజుల ముందు చొప్ప వామి మీద నుంచి దూకాను కాబట్టి అందువల్లే అనుకున్నారు. నడిస్తే నొప్పి, కూర్చుంటే తగ్గేది. బళ్ళో బాసింపట్టు వేసుకుని కూర్చోలేక కాలు చాపితే అయ్యవారు నన్ను గోడకు ఆనించి నిలబెట్టారు. మూడు రోజులు నిలబెట్టారు. "నీళ్ళకు పొమ్మంటే మోకాలు, తిండికి రమ్మంటే మోకాలు లేదు" అంది మేనత్త. "నాలుగు రోజులు పోతే అదే పోతాదిలే" అన్నాడు నాయన, నా కాలు వైపు చూడకుండానే. అమ్మ ఏమీ అనలేదు. అది కూడా నాకు గుర్తుంది.

చివరికి కాటమయ్య పెద్దనాయన మా ఇంటికి వచ్చాడు. నన్ను అరుగు మీద కూర్చోబెట్టి "యాడ నొప్పి తల్లీ?" అన్నాడు. మోకాలు అన్నాను. మోకాలి చిప్ప చుట్టూ బొటనవేలితో నొక్కాడు. నేను ఉలకలేదు. "నొక్కితే లేదా?" అన్నాడు. లేదు, నడిస్తేనే అన్నాను. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. చెయ్యి మోకాలి పైకి నాలుగు వేళ్ళంత జరిగి, నా పరికిణీ అంచు దగ్గర ఆగింది. వాకిట్లో నిలబడిన మేనత్త, "రేపో మాపో పెద్దమనిషి అయ్యే ఈడు అన్నా. నొప్పి మోకాలంటాంది గదా, ఆడికి కట్టి పంపు" అంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కట్టు కట్టాడు. "పండుకోనీయొద్దు. జీవాల్ని మేం పండుకోనీయం. పండుకుంటే మంద ముందుకు పోతాది, అది ఎనకబడతాది. నడిపియ్యండి, నరం సాగుతాది" అని చెప్పి పోయాడు.

నేను మూడు వారాలు నడిచాను. ఆయన చెప్పాడు కాబట్టి ఏడవకుండా నడిచాను. బావికి నడిచాను, చేనికి నడిచాను, బడికి నడిచాను. కట్టు కింద మోకాలు చక్కగానే ఉంది. పాదం మాత్రం కొంచెం కొంచెంగా బయటికి తిరుగుతూ వచ్చింది. మా ఇంట్లో గొర్రె కాలు ఒక్క వేలెడు తిరిగినా కనిపెట్టే మనుషులు ముగ్గురున్నారు. నా పాదం ఎవరూ చూడలేదు.

ఒక సాయంత్రం అమ్మ మజ్జిగ ముంత ఇచ్చి ఆయన దగ్గరికి పంపింది. గొర్రెలు అప్పుడే దొడ్డిలోకి పోతున్నాయి. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. నేను గొర్రెల వెనకే ఆ బండ దాటాను. ఆయన ఒక్కసారిగా తలెత్తి, కళ్ళు తెరవకుండానే "ఎవరది?" అన్నాడు.

"నేనే పెద్దనాయనా."

"మల్ల నడువు."

నడిచాను. అప్పుడు కళ్ళు తెరిచి నా పాదం చూశాడు. నన్ను ఎత్తుకుని ఆయన ఇంటి ముందు మంచం మీద పడుకోబెట్టాడు. కేక వేసి అమ్మను పిలిచాడు. ఆమె వచ్చాక ఆయన గోడ వైపు తిరిగి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. గోడతో మాట్లాడుతున్నట్టే ఒక్కొక్కటి చెప్పాడు.

"మోకాలు పట్టుకొని మెల్లగ పొట్ట మీదికి వంచమ్మా. నేరుగ వస్తాందా?"

"లేదు బావా. బయటికి పోతాంది."

"మల్ల లోపలికి తిప్పు. బలవంతం చెయ్యొద్దు."

"తిరగడం లేదు. గజ్జల్లో నొప్పంటాంది."

"రెండో కాలు?"

"అది నేరుగానే వస్తాంది."

ఆయన గోడ వైపు నుంచి తిరగకుండానే, "మోకాలు కాదు. తుంటి. నేను తప్పు కట్టినా" అన్నాడు. వీపు పెట్టి నిలబడి అడగడానికి అయిదు నిమిషాలు పట్టింది. అదే అయిదు నిమిషాలు మూడు వారాల ముందు మా అరుగు మీద కూడా ఉన్నాయి. ఆ సంగతి నాకంటే ముందు ఆయనకే తట్టి ఉంటుంది.

ఆయన నేరుగా మా చేనికి పోయాడు. చెనక్కాయ పీకుతున్న పదిమంది కూలీలు వింటుండగా "తమ్ముడా, నేను తప్పు కట్టినా. పిల్ల తుంటిలో ఏదో కదిలింది. అది నా చేతి పని కాదు. రేపు పొద్దున్నే కర్నూలు పోవాల" అన్నాడట. "నీ కట్టు తప్పేది యాడన్నా. ఇంకా రెండు రోజులు పీకుడుండాది. అయినాక పోదాం" అన్నాడు నాయన. "రెండు రోజులు కాదు తమ్ముడా. పిల్లను మంచం దించొద్దు" అని ఆయన. వాదన అయింది. నాయన మాటే నెగ్గింది. మా ఇంట్లో ఎప్పుడూ అంతే.

మరునాడు ఉదయం పెరట్లోకి పోవాలన్నాను. అమ్మ చేనికి పోయింది. "మూడు వారాలు నడిపియ్యమన్నె, ఇప్పుడు దించొద్దనె. ఆయప్ప మాట పూటకొక దోవ. లెయ్యవే దిమ్మె, నిన్ను మోసేదానికి నాకు నడుముల్లేవు" అంది మేనత్త. లేచాను. పెరటి గడప దిగుతుండగా తుంటిలో ఏదో కదిలి జారింది. కేక పెట్టానని తరువాత చెప్పారు. నాకు గుర్తున్నది గడప మీద నా చెంప, దాని చల్లదనం.

నన్ను మంచంతో సహా తర్లుపాడు స్టేషనుకు మోశారు. నలుగురు మనుషులు. ముగ్గురు దారిలో వెంట వచ్చిన వాళ్ళతో వంతులు మార్చుకున్నారు. నా తల వైపు ఉన్న కాటమయ్య పెద్దనాయన భుజం మార్చుకోలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఆకాశం చూస్తూ పడుకున్న నాకు ఆయన అడుగులే వినిపించాయి, సమానంగా, బరువుగా. రైలు నల్లమల కొండల్లో దూరి చీకటి సొరంగం దాటేటప్పుడు ఆయన మంచం పట్టె పట్టుకునే ఉన్నాడు. పెట్టె ఊగినప్పుడల్లా నా కాలు కదలకుండా రెండు పక్కలా గొంగళ్ళు చుట్టి ఆనించాడు.

కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరు గారు మోకాలి కట్టు చూశారు, ఎక్స్‌రే ఫొటో తీయించి చూశారు. తుంటి దగ్గర తొడ ఎముక తల కొంచెం కొంచెంగా జారుతూ వచ్చి, ఇప్పుడు ఒక్కసారిగా జారిందన్నారు. "ఈ పిల్లను ఇన్నాళ్ళు ఎవరు నడిపించారు?" అని అడిగారు. నాయన నేల చూశాడు. చేను గురించి చెబుతాడేమో, పెరటి గడప గురించి చెబుతాడేమో అని నేను చూశాను. చెప్పలేదు.

"నేనే సామీ" అన్నాడు కాటమయ్య పెద్దనాయన. "కట్టు కట్టింది నేనే, నడవమన్నదీ నేనే."

డాక్టరు గారు ఆయన్ను అందరిలో తిట్టారు. ముందే పడుకోబెట్టి తెచ్చి ఉంటే ఈ పిల్ల అందరిలా నడిచేదన్నారు. ఆయన చేతులు కట్టుకుని మొత్తం విన్నాడు. తిట్లు అయిపోయాక ఒక ప్రశ్న వేశాడు. "మల్ల ఇట్లాంటి పిల్ల వస్తే నాకెట్ల తెలిసేది సామీ?" డాక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పారు. మోకాలు అన్న పిల్లకు తుంటి కూడా చూడాలి. పాదం బయటికి తిరిగి కుంటుతుంటే కట్లు కట్టకూడదు, నడిపించకూడదు, పడుకోబెట్టి తీసుకురావాలి. కాలు మోపలేని పిల్లను ఆ రోజే తేవాలి. కుంటుతో జ్వరం కూడా ఉంటే తెల్లారే దాకా కూడా ఆగకూడదు. కాటమయ్య పెద్దనాయనకు చదువు రాదు. ఎక్కం వల్లించినట్టు ఆ నాలుగూ అక్కడే రెండుసార్లు వల్లించి అప్పజెప్పాడు.

కాలికి ఇటుకలు వేలాడదీసి కొన్నాళ్ళు, నడుము నుంచి పాదం దాకా పిండికట్టుతో కొన్నాళ్ళు గడిచాయి. లేచాక ఎడమ కాలు రెండు వేళ్ళ వెడల్పు పొట్టి. ఆస్పత్రి గదిలో తప్పు తన మీద వేసుకున్నది ఒక్కడే. నేను పదకొండేళ్ళ పిల్లను, ఆ తప్పంతా వేసుకున్నవాడికే ఇచ్చేశాను. నాయనతో కలిసి తిన్నాను, మేనత్తకు తల దువ్వాను. కాటమయ్య పెద్దనాయన దొడ్డి వైపు మళ్ళీ పోలేదు. ఆయన చెరువు గట్టు మీది రేగుపళ్ళు పంపితే తిప్పి పంపాను. వాళ్ళ ఇంట్లో పెళ్ళికి కడుపునొప్పి అని పడుకున్నాను.

ఆయన మనుషులకు కట్లు కట్టడం మానేశాడు. పిల్లల్ని తెచ్చిన వాళ్ళకు ముందు నా కథ చెప్పేవాడు. ఊళ్ళో చెప్పేవాడు, సంతలో చెప్పేవాడు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు టీచరు ట్రైనింగుకు పోవడానికి తర్లుపాడులో బస్సు కోసం నిలబడి ఉన్నాను. అవతల చెట్టు కింద ఆయన, చంకలో బిడ్డను ఎత్తుకున్న ఒకామె. "అదో, ఆ పిల్ల. ఆ కాలు నేను చెడగొట్టిందే. ఎట్ల నడుస్తుండాదో చూడు. నీ బిడ్డను మార్కాపురం తీసకపో" అంటున్నాడు. బస్సు కోసం నిలబడ్డ వాళ్ళందరూ నా కాలు చూశారు. ఒంటి మీద కొత్త చీర ఉంది. ఎవరూ అది చూడలేదు.

నేను ఆయన దగ్గరికి నడిచాను. "పెద్దనాయనా, నా కాలు నీ టముకు కాదు. చెడగొట్టింది చాలదా, ఊరూరా చూపిస్తావా? ఇంకోసారి నా మాట ఎత్తినావంటే నీకు నాకు ఏమీ లేదు" అన్నాను.

"చెప్పకపోతే నమ్మరమ్మా. ఉత్తగా ఆస్పత్రికి పొమ్మంటే ఎవరు పోతారు?"

"నమ్మకపోతే పోనీ."

ఆయన తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "సరే తల్లీ" అన్నాడు. ఆ ఆడమనిషి మా ఇద్దరినీ చూసి బిడ్డను సర్దుకుంది. నేను బస్సెక్కాను. గెలిచాననుకున్నాను.

ఆయన మాట నిలబెట్టుకున్నాడు. మరుసటి ఏడు సెలవులకు ఊరు వచ్చినప్పుడు తెలిసింది. మా వెనక వీధిలో లచ్చి అని నాలుగేళ్ళ పిల్ల ఒకరోజు లేచి కాలు కింద పెట్టనంది. ఒళ్ళు కాలిపోతోంది. తల్లి దిష్టి తీసింది, ఆకుపసరు వేసింది, తొమ్మిది రోజులు చూసింది. తుంటిలో చీము పట్టింది. పిల్ల బతికింది కానీ తుంటి బిగుసుకుపోయింది. నేను చూసేటప్పటికి కాలు కర్రలా చాపుకుని గడప మీద కూర్చుని చింతగింజలతో ఆడుకుంటోంది. రెండో రోజే తల్లి ఆ పిల్లను ఎత్తుకుని కాటమయ్య దొడ్డి ముందు నుంచి పోయిందని కూడా తెలిసింది.

ఎనిమిదేళ్ళ తరువాత మొదటిసారి ఆయన దొడ్డికి పోయాను. కోపంతో పోయాను. "రెండో రోజే చూసినావు కదా. ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఆస్పత్రికి తీసకపో అని చెప్పినా. జొరమే గదా మామా, అదే పోతాదిలే అనె."

"నా సంగతి చెప్పి ఉంటే పోయేది కదా!"

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు, అందుకే నాకు ఈ రోజుకీ కష్టంగా ఉంది. "నువ్వు చెప్పొద్దంటివి గదమ్మా" అన్నాడు.

ఆ క్షణంలో నేను అనాల్సింది ఒక్కటే మాట. ఆయన నాకు అదెలా అనాలో ఇంతకుముందే చూపించాడు, చేనిలో పదిమంది ముందు, ఆస్పత్రిలో అందరి ముందు. నేను మాత్రం "అయితే తప్పు నాదంటావా?" అన్నాను. "అట్ల అన్లేదు తల్లీ" అంటూనే ఉన్నాడు. నేను వచ్చేశాను. అదే మా ఆఖరు మాట. ఆయన పోయినప్పుడు నాకు కబురు అందింది. పరీక్షలున్నాయని చెప్పి పంపాను. పరీక్షలు లేవు.

తరువాత గిద్దలూరులో, చంద్రశేఖరపురంలో, ఎక్కడ పని చేసినా కుంటే పిల్లను చూస్తే వదల్లేదు. తల్లిదండ్రులతో పోట్లాడాను. టీచరు చదువు చెప్పకుండా డాక్టరు పని చేస్తోందని నా మీద పిటిషన్లు పెడితే, ఎదురు పిటిషన్లు పెట్టాను. నా కాలు చూపించి నా కథ చెప్పేదాన్ని. "ఒక నాటువైద్యుడు నా కాలు చెడగొట్టాడు" అని మొదలుపెట్టేదాన్ని. అలా చెబితే జనానికి కోపం వచ్చేది, భయం వేసేది, వెంటనే బయలుదేరేవాళ్ళు. చేను సంగతి చెప్పలేదు. పెరటి గడప సంగతి చెప్పలేదు. బస్సు దగ్గర నేనన్న మాట ఎవరికీ చెప్పలేదు. తప్పు ఒప్పుకున్న మనిషి మీదే నలభై ఏళ్ళు తప్పు వేస్తూ వచ్చాను. లచ్చి తరువాత పామూరు దగ్గరికి పెళ్ళయి పోయిందని విన్నాను. చూడటానికి ఒకసారి బయలుదేరి, కనిగిరి దాకా పోయి, తిరిగి వచ్చాను.

సోమవారం నాడు సునీత కదలలేదు. అందుకని చీర పాదాల పైకి ఎత్తి నా రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి చూపించాను. పొట్టి కాలు బండకు ఆనలేదు. కథ చెప్పాను. నోరు తెరిస్తే నాటువైద్యుడు అనే మాట రావాలి, అలవాటు. రాలేదు. అరుగు, చేను, గడప, ఆస్పత్రి, బస్సు, లచ్చి, వరసగా అన్నీ వచ్చాయి. సునీత నవ్వడం మానేసి ఫోను తీసింది. భర్త వచ్చేలోగా మెల్లగా అడిగింది. "ఆ కట్టు కట్టినాయన ఎవరు ఆంటీ?"

"మా పెద్దనాయన" అన్నాను.

హారిక తండ్రి పరుగున వచ్చాడు. నడిపించుకుపోతానన్నాడు. ఎత్తుకో అన్నాను. బరువు ఆంటీ అన్నాడు. తెలుసు, ఎత్తుకో అన్నాను. పిల్ల సిగ్గుపడుతూ తండ్రి మెడ చుట్టూ చేతులు వేసింది. వాళ్ళు వసారా దాటి ఆటో దాకా పోయే వరకు కళ్ళు మూసుకుని విన్నాను. బండల మీద రాపిడి లేదు. ఒక్క మనిషి అడుగులే ఉన్నాయి, సమానంగా, బరువుగా.